తీగల కథ – 9: సికింద్రాబాద్‌కి లైన్ క్లియర్

పెళ్లి సంబంధం కుదిరినా, బ్యాంకు లోను మంజూరైనా, మేనేజరు సెలవు పెట్టి ఊరెళ్లినా మన నోట వచ్చే మాట ఒకటే: ‘ఇంకేం, లైన్ క్లియర్!’ సినిమావాళ్ల దగ్గర్నుంచి పార్టీ టికెట్ దొరికిన నాయకుడి అనుచరుల దాకా అందరూ వాడేశారు. ఇంతగా తెలుగైపోయిన ఈ ఇంగ్లిష్ మాట పుట్టిల్లు మాత్రం స్టేషన్ మాస్టర్ గది. అక్కడ అది సంబరంగా అనే మాట కాదు. ఒక స్టేషన్ పక్క స్టేషన్‌ని అడిగే ప్రశ్న. ‘బండి పంపమంటావా? నీ దాకా పట్టా ఖాళీయేనా?’ అవతలి నుంచి ‘ఖాళీయే, పంపు’ అని జవాబొస్తేనే ఇవతల సిగ్నల్ పడుతుంది. జవాబు రాకపోతే బండిలో కలెక్టరే కూర్చున్నా కదలదు.

పోయిన వారం దాకా టెలిగ్రాఫు, టెలిఫోను అయ్యాయి. ఇక కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కథ మొదలుపెట్టాలి. మామూలుగా ఈ కథని అమెరికాలో, 1969లో, ఒక విశ్వవిద్యాలయానికీ ఒక పరిశోధన సంస్థకీ మధ్య మొదలుపెడతారు. నేను సికింద్రాబాద్ స్టేషన్‌లో మొదలుపెడతాను. కంప్యూటర్ నెట్‌వర్క్ అంటే ఏమిటో పేరైనా వినకముందే ఈ ఊరి జనం దాని ముందు క్యూ కట్టి, ఫారం నింపి, దారంతో కట్టేసిన పెన్ను రాయకపోతే పక్కవాణ్ని అడిగి, డబ్బు చెల్లించి పని చేయించుకున్నారు. పైగా నెట్‌వర్క్ గురించి కొత్తవాళ్లకి అర్థంకాని విషయాలన్నీ రైల్వే అంతకు వందేళ్ల ముందే తేల్చుకుని కూర్చుంది.

మొదటి విషయం చూడండి. 1874 అక్టోబరులో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు దారి తెరిచారు. నిజాం రాజ్యంలో పడిన ఈ లైను ఊళ్లన్నిటికీ పోలేదు, ఒక్క వాడికే పోయింది. కానీ వాడి అప్పటికే బొంబాయి నుంచి రాయచూరు పోయే పెద్ద లైను మీద ఉంది. రాయచూరులో ఆ లైను మద్రాసు వైపు నుంచి వచ్చిన దారితో 1871లోనే కలిసింది. అంటే సికింద్రాబాద్ ఒక్క వాడితో చెయ్యి కలిపితే చాలు, ఇటు బొంబాయీ అటు మద్రాసూ రెండూ అందుబాటులోకి వచ్చాయి. మీ ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించుకున్నప్పుడు జరిగేదీ ఇదే. ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటికీ మీ ఇంటి నుంచి తీగలు లాగరు. వీధి చివర పెట్టె దాకా ఒక్క తీగ లాగుతారు. మిగతాదంతా ఆ పెట్టెకున్న చుట్టరికం.

రెండోది. ఆ ఒక్క దారీ తెగితే ఊరు ఒంటరిదవుతుంది. 1889లో బెజవాడ వైపు దారి పూర్తయింది. 1929లో కాజీపేట నుంచి బల్లార్షా దాకా పట్టాలు పడి ఉత్తరానికి తలుపు తెరుచుకుంది. కాజీపేట ఆ తర్వాతే అసలైన జంక్షనైంది. జంక్షన్‌లో నిలబడ్డ మనిషి చేసే పనేమిటో గమనించండి. ఢిల్లీ బండి వస్తే బల్లార్షా వైపు మలుపుతాడు. బెజవాడ బండి వస్తే డోర్నకల్ వైపు మలుపుతాడు. ఢిల్లీలో ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందో అతనికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. తర్వాతి అడుగు ఎటో తెలిస్తే చాలు. కంప్యూటర్ల దారిలో ఈ ఉద్యోగం చేసే పెట్టె పేరే రౌటర్. మన ఇళ్లలో యాంటెన్నాలు నిక్కబొడుచుకుని దీపాలు మినుకుమనే ఆ డబ్బా చిన్నసైజు కాజీపేట. ఇంట్లోని ఫోన్లూ టీవీలూ ఒక పక్క, బయటి ప్రపంచం ఇంకో పక్క, మధ్యలో ఇది.

ఇప్పుడు అసలు సంగతికి, అంటే లైన్ క్లియర్‌కి వద్దాం. తార్నాకలో రైల్వేవాళ్ల సిగ్నల్, టెలికాం శిక్షణ సంస్థ ఒకటుంది. క్లుప్తంగా ‘ఇరిసెట్’ అంటారు. 1957 నవంబరు 24న మొదలైంది. దేశం నలుమూలల నుంచీ సిగ్నల్ ఇంజనీర్లు పాఠాలు చెప్పించుకోవడానికి సికింద్రాబాద్ వస్తారు. ఆ విద్యలో పాతకాలపు పాఠం ఒకటి నాకు ఎంతకీ తనివి తీరనిది, బంతి టోకెన్. ఒకే పట్టా ఉన్న దారిలో రెండు స్టేషన్లు. రెండింటిలో చెరో ఇనుప యంత్రం. వాటి కడుపులో ఇనుప బంతులు. రెండు యంత్రాలకీ మధ్య తీగ. ఇవతలి మాస్టర్‌కి బంతి కావాలంటే అవతలి మాస్టర్ ఒప్పుకుని తన యంత్రాన్ని తిప్పాలి. ఒక బంతి బయటికొచ్చిందా, అది మళ్లీ ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండో బంతి ఏ పక్కనా రాదు. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, పెద్ద వలయానికి తగిలించి, ఎత్తి పట్టుకుంటే కదిలే బండిలోంచి డ్రైవర్ చెయ్యి దూర్చి అందుకునేవాడు. బంతి చేతిలో ఉన్న డ్రైవర్‌కే ఆ పట్టా మీద హక్కు. ఎదురుబండి రావడమన్నది అసాధ్యం.

కొన్నాళ్ల తర్వాత ఒకే ఆఫీసులోని కంప్యూటర్లని ఒక తీగకి గుచ్చవలసి వచ్చినప్పుడు ఇదే చిక్కు ఎదురైంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా పాడవుతుంది. ఐబీఎం కంపెనీ ముందుకు తెచ్చిన పద్ధతుల్లో ఒకదాని పేరే టోకెన్ రింగ్. ఇక్కడ ఇనుప బంతికి బదులు చిన్న సందేశం ఒకటి వలయంలా తిరుగుతూ ఉంటుంది, అది చేతికొచ్చిన కంప్యూటరే మాట్లాడాలి. చక్కటి క్రమశిక్షణ. కానీ గెలిచింది ఇది కాదు. 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ ఆలోచించిన ఈథర్నెట్ గెలిచింది. దాని స్వభావం స్టేషన్ ఎదుట ఆల్ఫా హోటల్లో చాయ్ తాగే మిత్రబృందం స్వభావం. టోకెన్లూ గీకెన్లూ ఉండవు. ఎవరూ మాట్లాడటం లేదనిపిస్తే మాట్లాడు. ఇద్దరు ఒకేసారి నోరు తెరిచారా, ఇద్దరూ ఆగండి. ఎవరికి వారు కాస్త ఆగి, అదీ ఇద్దరూ ఒకే లెక్కన కాకుండా, మళ్లీ మొదలుపెట్టండి. వినడానికి గందరగోళంగా ఉన్నా పని జరిగిపోతుంది. రైళ్లకి ఈ పద్ధతి పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మాట మాటని గుద్దుకుంటే మళ్లీ అనుకోవచ్చు, బండి బండిని గుద్దుకుంటే అనుకోలేం. అందుకే రైల్వే బంతిని పట్టుకుంది, ఆఫీసులు ఈథర్నెట్‌ని పట్టుకున్నాయి.

రిజర్వేషన్ ఆఫీసు సంగతి చెప్పే ముందు కంప్యూటర్లు లేని రోజుల్లో అది ఎలా ఉండేదో చెప్పాలి. రైలుకో రిజిస్టరు, తేదీకో పేజీ, బెర్తుకో గీత. ఏపీ ఎక్స్‌ప్రెస్ రిజిస్టరు ఒక కౌంటర్లో ఉంటే ఇంకో రైలుది ఇంకో కౌంటర్లో. మీరు గంటసేపు నిలబడి కిటికీ దగ్గరికొచ్చాక ఆ బండిలో బెర్తు లేదంటే, వేరే బండి కోసం వేరే క్యూ తోక దగ్గర్నుంచి మళ్లీ మొదలు. గుమాస్తా దగ్గర ఉన్న పుస్తకం ఒక్కటే, పుస్తకం ఒక్కచోటే ఉండగలదు. తిరుగు ప్రయాణం మరీ కష్టం. ఢిల్లీలో ఎక్కాల్సిన బెర్తు లెక్క ఢిల్లీలోని పుస్తకంలో ఉంటుంది కనక ఇక్కడ డబ్బు కడితే అక్కడికి టెలిగ్రాం పోయేది. జవాబు టెలిగ్రాం వచ్చేదాకా ఎదురుచూడాలి. మధ్య ఊళ్లకి ‘కోటా’ పెట్టడానికి కారణం కూడా ఇదే. ప్రతి బెర్తుకీ తంతి కొట్టలేక, ఊరికి ఇన్ని అని ముందే పంచేసేవాళ్లు. ఓ ఊళ్లో కోటా మిగిలిపోయి బెర్తు ఖాళీగా పోతుంటే, ఇంకో ఊళ్లో జనం నిలబడి ప్రయాణం చేసేవాళ్లు. ఎందుకని? ఈ సంగతి ఆ ఊరికి వేళకి తెలిసే దారి లేక.

1985లో ఢిల్లీలో ఈ పుస్తకాలని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఇంప్రెస్. అప్పట్లో ప్రభుత్వరంగంలో ఉన్న సీఎంసీ రైల్వేతో కలిసి రాసింది. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లినప్పుడు ఆ కంపెనీ కంప్యూటర్ల మరమ్మతు బాధ్యత ఈ సీఎంసీకే వచ్చింది. తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, ఎనభైల చివరికి సికింద్రాబాద్. ఆ అయిదు ఊళ్లలోకెల్లా మనదే చిన్నది. కానీ 1966 అక్టోబరు 2 నుంచి దక్షిణ మధ్య రైల్వేకి ప్రధాన కేంద్రం కాబట్టి వరసలో చోటు దొరికింది.

కౌంటర్ అద్దం వెనక ఉన్నదాన్ని అందరూ ‘కంప్యూటర్’ అన్నారు. నిజానికి అది కంప్యూటర్ కాదు. టెర్మినల్. తెరా మీటలూ తప్ప దానికి సొంత బుర్ర లేదు. బుర్రంతా చల్లగా ఏసీ వేసిన లోపలి గదిలోని పెద్ద యంత్రానిది. గుమాస్తా నొక్కిన ప్రతి అక్షరం తీగ వెంట లోపలికి పోయి, జవాబు తీగ వెంట వచ్చి తెర మీద పడేది. దీనివల్ల మొదటిసారి ఏ కౌంటర్లోనైనా ఏ రైలుకైనా టికెట్ దొరికింది. పుస్తకం ఒక్కటే, కానీ అందరు గుమాస్తాల చేతుల్లోనూ ఒకేసారి ఉంది! జనానికి అర్థమైన మార్పు ఇది. టికెట్ ప్రింటర్ ‘కర్ర్ కర్ర్’మని పేరు, వయసు, బోగీ అచ్చు కొడుతుంటే అంతా మెడలు చాచి చూసేవారు.

వేరే ఊళ్లోని కౌంటర్లకి టెలిఫోన్ శాఖ దగ్గర అద్దెకి తీసుకున్న లైన్లు వాడారు. ఫోను తీగ మనిషి గొంతు కోసం పుట్టింది. కంప్యూటర్‌కి గొంతు లేదు, ఉన్నదల్లా రెండే అక్షరాలు, సున్నా ఒకటి. ఆ సున్నా, ఒకటిలని చెవికి వినపడే కూతలుగా మార్చి తీగ మీదికి వదిలి, అవతల ఆ కూతల్ని మళ్లీ సున్నా, ఒకటిలుగా విడదీసే దుబాసీని మోడెం అంటారు. ఆ రోజుల్లో అద్దె లైన్ల మీద మామూలుగా దొరికే వేగం సెకనుకి 9,600 బిట్లు. బిట్ అంటే ఒక సున్నా లేదా ఒక ఒకటి. అక్షరానికి 8 బిట్ల చొప్పున సెకనుకి 1,200 అక్షరాలన్నమాట. టికెట్‌కి ఇది ధారాళంగా సరిపోతుంది, పేరూ వయసూ ఊరూ కలిపి ఎన్ని అక్షరాలు గనక. ఇవాళ మనం పొద్దున్నే ‘శుభోదయం’ అంటూ పంపే 3 మెగాబైట్ల పూలబొమ్మ ఆ తీగ మీద పోవాలంటే మాత్రం 40 నిమిషాలు పైనే పట్టేది. కొందరు బంధువుల విషయంలో ఆ రోజులే నయమనిపిస్తుంది.

అయితే ఒక ఇబ్బంది మిగిలిపోయింది. అయిదు ఊళ్లలో అయిదు బుర్రలు, ఒకదానితో ఇంకొకదానికి పూర్తిగా పొత్తు లేదు. సికింద్రాబాద్‌లో నిలబడి, చెన్నైలో ఎక్కి ముంబైలో దిగే బెర్తు అడిగితే అది వేరే ద్వీపం సంగతి. ఈ ద్వీపాలకి వంతెన కట్టే పని రైల్వే సొంత సమాచార సంస్థ ‘క్రిస్’ ఎత్తుకుంది. కాన్సర్ట్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ రాసింది. దాన్ని మొట్టమొదట పెట్టి నడిపించింది 1994లో, మన సికింద్రాబాద్‌లోనే. ఢిల్లీలో కాదు, ముంబైలో కాదు. 1999 నాటికి అయిదు కేంద్రాలూ కలిసి ఒకే నెట్‌వర్క్ అయ్యాయి. అప్పట్నుంచీ ఏ ఊళ్లో నిలబడి ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా టికెట్ తీసుకోవచ్చు. మన పత్రికలు కంప్యూటర్ విప్లవమంటే అమెరికా వీసాల గురించీ హైటెక్ సిటీ గురించీ రాశాయి గానీ, ఈ సంగతికి అంత చోటివ్వలేదు.

వంతెన ఎలా పనిచేస్తుంది? చెన్నై–ముంబై రైలు లెక్క చెన్నై కంప్యూటర్‌లో ఉందనుకుందాం. సికింద్రాబాద్ గుమాస్తా అడిగిన ప్రశ్న ముందు సికింద్రాబాద్ బుర్రకి పోతుంది. అది ‘ఈ లెక్క నాది కాదు’ అని చూసి, మీద చిరునామా రాసి చెన్నై వైపు పంపుతుంది. ఇలా చిరునామాతో పోయే మాటల మూటని ప్యాకెట్ అంటారు. పాత టెలిఫోన్ పద్ధతిలో మీరు మాట్లాడినంతసేపూ తీగ మొత్తం మీదే, మీరు దగ్గుతూ కూర్చున్నా సరే. ప్యాకెట్ పద్ధతిలో సందేశాన్ని ముక్కలు చేసి, ముక్కముక్కకీ చిరునామా, వరసనంబరు రాసి వదులుతారు. గూడ్సు బండిలోని వ్యాగన్లలా ఒకరి ముక్క తర్వాత ఇంకొకరి ముక్క అదే తీగ మీద పోతుంది. అవతల నంబర్లు చూసి కుదుర్చుకుంటారు. అరవైలలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ ఎవరికి వారుగా ఈ ఆలోచనకి వచ్చారు. బారన్ బెంగ యుద్ధం వస్తే తీగలు తెగుతాయని. ఒక దారి తెగితే ముక్కలు ఇంకో దారిన చుట్టుతిరిగి చేరాలన్నది ఆయన పట్టుదల. వాడి దారి మూసుకుపోతే బెజవాడ మీదుగా పోవడం మనకి అంతకుముందు నుంచే తెలుసు.

ఇక్కడిదాకా తేలిక. పీటముడి ఇప్పుడు పడుతుంది. చెన్నై కంప్యూటర్ బెర్తు నంబరు 23 రాసుకుని ‘ఇచ్చాను’ అని జవాబు పంపింది. దారిలో లైను తెగింది. జవాబు సికింద్రాబాద్ చేరలేదు. గుమాస్తా తెర మీద ఏమీ రాలేదు. ఇప్పుడు బెర్తు అమ్ముడైనట్టా, కానట్టా? చెన్నై దృష్టిలో అయింది. సికింద్రాబాద్ దృష్టిలో కాలేదు. గుమాస్తా మళ్లీ నొక్కితే ఒకే మనిషికి రెండు బెర్తులు పోవచ్చు. నొక్కకపోతే 23 ఎవరికీ కాకుండా ఖాళీగా పోవచ్చు. మాట మోసుకుపోవడం సులువు. మాట చేరిందని తెలుసుకోవడమే కష్టం. నెట్‌వర్క్ విద్యలో సగం ఈ ఒక్క కష్టం చుట్టూ తిరుగుతుంది. దీనికి కనిపెట్టిన మందు రెండు విడతల వ్యవహారం. ముందు బెర్తుని పక్కన పెట్టు, అమ్మకు. ఇవతలివాడు ‘నేనూ సిద్ధం’ అన్నాక ఖాయం చెయ్యి. మధ్యలో తెగితే, లైను తిరిగొచ్చాక ఇద్దరూ తమ చిట్టాలు పోల్చుకుని, సగంలో ఆగినదాన్ని పూర్తి చెయ్యండి, లేదా అసలు జరగనట్టే తుడిచెయ్యండి. సగం టికెట్ అన్నది మిగలకూడదు.

ఈ మందు పాత స్టేషన్ మాస్టర్‌కి చూపిస్తే ఆయన నవ్వుతాడు. ఇందాకటి బంతి యంత్రంలాంటి బ్లాకు యంత్రం పాడైనప్పుడు టెలిఫోన్ మీద లైన్ క్లియర్ అడుగుతారు. ఫోనులో ‘ఆఁ, పంపు’ అంటే చాలదు. విన్నది ఎవరో, పొరపాటున అన్నాడో, నిన్నటి బండికి ఇచ్చిన జవాబో ఏం తెలుసు? అందుకే ప్రతి మాస్టర్ దగ్గరా అడ్డదిడ్డంగా రెండంకెల సంఖ్యలు అచ్చువేసిన కాగితం ఉంటుంది. వాటిని ‘ప్రైవేట్ నంబర్లు’ అంటారు. ఒప్పుకున్నాక అందులోంచి ఒక సంఖ్య చెప్పి దాన్ని కొట్టేస్తాడు. అడిగినవాడు ఆ సంఖ్య తన పుస్తకంలో రాసుకుంటాడు. ఒకటి, రెండు, మూడు అని వరసగా ఉంటే ఎవరైనా ఊహించి చెప్పేయగలరు కనక అడ్డదిడ్డంగా ఉంటాయి.

ఇంటర్నెట్ మీద రెండు కంప్యూటర్లు మాట మొదలుపెట్టే తీరు చూడండి. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ అనే ఇద్దరు 1974లో రాసిన పద్ధతి నుంచి ఎదిగి, 1983 జనవరి 1 నుంచి అమెరికా నెట్‌వర్క్‌లో తప్పనిసరైన టీసీపీ అనే ఒప్పందం ఇది. మొదటిది అంటుంది: ‘మాట్లాడదామా? నా సంఖ్య ఇది.’ రెండోది: ‘నీ సంఖ్య విన్నాను, నా సంఖ్య ఇది.’ మొదటిది: ‘నీదీ విన్నాను.’ ఈ మూడు మాటలయ్యాకే అసలు విషయం. సంఖ్యలు ఒకటి నుంచి మొదలుకావు, ఊహకి అందని చోట మొదలవుతాయి. పాత సంభాషణలో దారి తప్పిన ముక్క ఏదైనా ఆలస్యంగా వచ్చి కొత్త సంభాషణలో దూరకూడదనీ, దొంగ ఎవడూ మధ్యలో ఊహించి జవాబు చెప్పకూడదనీ. ప్రతి ముక్కకీ అందిందన్న రసీదు రావాలి. రాకపోతే కాసేపు చూసి మళ్లీ పంపాలి. సెర్ఫ్ గారు మన మాస్టర్ల కాగితం చూశారని నేననను. ఒకే కష్టానికి ఇద్దరూ ఒకే ఉపాయం దగ్గరికి చేరారు, అంతే.

2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. అప్పుడు కొత్తగా బుర్రలు కట్టలేదు. ఆ అయిదు ఊళ్ల నెట్‌వర్క్‌కే ఇంకో కిటికీ పెట్టారు. మొదట్లో కంప్యూటర్‌లో కొన్న టికెట్‌ని కొరియర్ కుర్రాడు సైకిల్ మీద తెచ్చి ఇచ్చేవాడు. మీట నొక్కింది క్షణంలో ఢిల్లీ పోయొస్తే, కాగితం మన గుమ్మానికి రావడానికి రోజులు పట్టేది. 2005లో ఈ-టికెట్ వచ్చాక కుర్రాడికి ఆ పని తప్పింది. 2000లో పుట్టిన రైల్‌టెల్ సంస్థ పట్టాల పక్కన గాజు తీగలు పరిచింది. ఒకప్పుడు తంతి స్తంభాలు నడిచిన దారే అది. వాటి వేగం లెక్క, వెలుతురు మాటలు మోసే తీరు వచ్చే వారానికి ఉంచుతాను.

ఈ వారానికి చివరిగా ఆ పాత దారి మీదికే పోదాం, 1874 నాటి వాడి దారి. లింగంపల్లి దాటాక వికారాబాద్ వైపు గుల్లగూడ, చిట్‌గిద్ద అని రెండు చిన్న స్టేషన్లున్నాయి. 2022 మార్చి 4న వాటి మధ్య ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు నిలిపారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, ఇంకోదాంట్లో రైల్వే బోర్డు ఛైర్మన్ వి.కె. త్రిపాఠి. ఆ దారిలో పెట్టింది ‘కవచ్’ అనే ఏర్పాటు. పట్టాల మధ్య పడుకోబెట్టిన చిన్న బిళ్లలు ఇంజన్‌కి ‘నువ్వు ఫలానా చోట ఉన్నావు’ అని చెబుతాయి. ఇంజన్ ఆ మాటని రేడియోలో స్టేషన్‌కి చేరవేస్తుంది. ఎంతదూరం పోవచ్చో స్టేషన్ రేడియోలోనే జవాబిస్తుంది. బంతి లేదు, తోలుసంచి లేదు, చెయ్యి చాచే డ్రైవర్ లేడు. అడగడమూ జవాబివ్వడమూ మాత్రం ఉన్నాయి.

వెనక ఇంజన్ ముందుదాని మీదికి బయల్దేరింది. బ్రేకు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ముందు పట్టా ఖాళీ లేదన్న జవాబు అందింది. ఇంజన్ దానంతటదే 380 మీటర్ల ఇవతల ఆగింది.

(సశేషం)